బావకు నాలుగు ముక్కలు

దసరా భోజనం విషయంలో మా తోబుట్టువులం ముగ్గురం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక ఏడు మిర్యాలగూడలో అక్క ఇంట్లో, మరుసటి ఏడు సూర్యాపేటలో మా ఇంట్లో, ఆ పై ఏడు కోదాడలో తమ్ముడి ఇంట్లో. పిల్లలు పెద్దయి ఎవరి సెలవులు వాళ్లు చూసుకుంటున్నాక ఆ పూట కలిసి కూర్చునేది మేం మూడు జంటలమే. ఆరుగురికి వంట ఏపాటి పని అంటారు చూసేవాళ్లు. అరవై మందికైతే వంటవాళ్లకు అప్పజెప్పి పట్టుచీర కట్టుకుని తిరగొచ్చు. ఆరుగురైతే ఆరు నాలుకలు. పైగా అందరి ఫోన్లూ నాకే వస్తాయి.

పోయిన దసరా మా వంతు. అది సరిగ్గా గాంధీ జయంతి నాడు పడింది.

మా జిల్లావాళ్లకు ఈ ఒక్క మాట చాలు, మొహం పాలిపోవడానికి. మా దగ్గర దసరా అంటే పొద్దున బండ్లకు పూజ, సాయంత్రం జమ్మి, ఆ తర్వాత మటన్. మొదటి రెండూ మూడోదాని కోసం చేసే ఏర్పాట్లే అన్నట్టు ఉంటుంది కొన్ని ఇళ్లలో. గాంధీ జయంతి నాడేమో మాంసం కొట్లు బంద్, మందు దుకాణాలు బంద్. నేను ప్రభుత్వ బడిలో సోషల్ టీచర్ని. ఏటా పిల్లలకు అహింస పాఠం చెబుతాను. బాగానే చెబుతానని పేరు కూడా ఉంది. ఆ అహింస వచ్చి నా వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

సంగతి మొదట కనిపెట్టింది మా ఆయన. కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. సెలవులు లెక్కపెట్టుకోవడానికి క్యాలెండర్ ముందు నిలబడి, ఇంట్లో పాము కనబడ్డ గొంతుతో పిలిచాడు.

"ఇగో, జర ఇటు రా. గిదేంది? రెండూ ఒక్కటే గడిల ఉన్నయ్?"

ఆ సాయంత్రమే మూడిళ్ల మధ్య వీడియో కాల్. మిర్యాలగూడ వైపు నుంచి మా బావ ఫోనును ఎప్పటిలాగే మొహానికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు. మాకు ఆయన మీసం, పైన రెండు ముక్కు రంధ్రాలు తప్ప మరేమీ కనబడలేదు. ఆ మీసమే మాట్లాడింది.

"ముందు రోజు తెచ్చి ఫ్రిజ్‌ల పెడదమనుకుంటున్నరేమో. ఫ్రిజ్‌ల మటన్ తింటే అది దసరా గాదు, దినం అయితది."

బావ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయనకు రైస్ మిల్లు ఉంది. కానీ మా కుటుంబంలో ఆయన పేరు నిలబడింది బియ్యం మీద కాదు, మటన్ మీద. పెళ్లయిన కొత్తలో మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు, కొత్త అల్లుడు ఏమంటాడోనని మా అమ్మ తలుపు వెనక నిలబడితే, ఆయన ఒక ముక్క నమిలి, కళ్లు మూసుకుని, "ఇంకొక్క విజిల్ అడుగుతుంది అత్తమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ కూరైనా బావ నోట్లో పడేదాకా పొయ్యి మీంచి కిందికి రాదు. పొద్దున్నే కొట్టు దగ్గర నిలబడి, మెడ ఇంత, తొడ ఇంత అని దగ్గరుండి కొట్టించుకొస్తాడు. పండగ ఎవరింట్లో అయినా మటన్ మాత్రం బావదే. మేం ఆయన చుట్టూ తిరుగుతూ ఉల్లిగడ్డలు కోసేవాళ్లం.

అసలు కథ రెండు రోజుల తర్వాత అక్క ఫోనుతో మొదలైంది. బావ మిల్లుకు పోయిన సమయం చూసి చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"చెల్లె, నీకొక్కదానికే చెప్తున్న. గాంధీ జయంతి మనకు దేవుడిచ్చిన వరం అనుకో. ఈ దసరాకు మీ ఇంట్ల మటన్ వండకు."

ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. ఆ ఎండాకాలంలో బావకు గుండెనొప్పి వచ్చింది. మఠంపల్లి దగ్గర ఒక పెళ్లిలో, చేతిలో కంచం పట్టుకుని తింటూ ఉండగానే వచ్చింది. హైదరాబాదు తీసుకుపోయి స్టెంట్ వేయించారు. మాంసం, నూనె బంద్ పెట్టమని డాక్టరు చెప్పాడు. అక్క వాడపల్లి సంగమంలో మునిగి మొక్కు కూడా తీర్చుకుని వచ్చింది.

"ఇంట్ల ముట్టుతలేడు గని, నాకు నమ్మకం లేదు," అంది అక్క. "రోజూ మిల్లు కాడికెల్లి దోస్తులతోని బైపాస్ రోడ్డు మీది మెస్‌కు పోతుండట. మెస్‌కు పోయినోడు ఏం తింటడు, పప్పా?"

"మరి బావకే చెప్పరాదూ, మీ కోసమే వండట్లేదని?"

"చెప్తే వస్తడా? నా రోగం కోసం మీరంత నోరు కట్టేసుకుంటరా అని అలిగి పంటడు. నీకు తెల్వదా ఆయన సంగతి? కొట్లు బంద్, ఎక్కడ దొరకలే అని చెప్పు. అంతే. మీ ఆయనను, తమ్ముని గూడ గట్లనే చెప్పమను."

చెప్పాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. మా ఆయన మరీ పెద్దమనిషిలా, "ప్రాణం కన్న ముక్క ఎక్కువనా?" అన్నాడు.

ఇక నా పని మొదలైంది. కూరగాయలంటే అన్నం పక్కన రంగు కోసం పెట్టేవి అనుకునే మనుషులకు, కూరగాయలతో దసరా చేయాలి. సద్దుల బతుకమ్మకు తంగేడు పూలు సర్దుతూ, ఫోను స్పీకర్లో పెట్టి, ఒక్కొక్కరి సలహా విన్నాను. తమ్ముడు మీల్‌మేకర్ అన్నాడు.

"చిన్నక్కా, మీల్‌మేకర్ల మటన్ మసాలా దంచి వెయ్యి. కండ్లు మూసుకుని తింటే మటనే."

"కండ్లు మూసుకుని తాగేది మందు బామ్మర్ది, కూర గాదు," అని మా ఆయన పక్క గదిలోంచి అరిచాడు. తర్వాత వచ్చి కనీసం గుడ్లైనా ఉడకబెట్టమన్నాడు. గుడ్డు మాంసమా కాదా అని ఒక గంట చర్చ జరిగింది. గాంధీగారు ఏమనేవారో చెప్పు, నువ్వు సోషల్ టీచర్‌వి కదా అని నన్ను ఇరికించారు. అక్క మాత్రం ఏ వంట పేరు చెప్పినా, "నూనె ఎంత వేస్తవ్?" అనే ఒక్క ప్రశ్నతో దాన్ని చంపేసింది.

చివరికి నన్ను కాపాడింది తమ్ముడి భార్య. ఆమె పుట్టిల్లు కోదాడ దాటి అవతల, ఆంధ్రా వైపు. పెళ్లయి ఇన్నేళ్లయినా మా అందరి ముందు ఆమె వంటకు పెద్ద విలువ ఉండేది కాదు. "అంత పులుపే" అని నవ్వేవాళ్లం.

"వదినా, మీరేం కంగారు పడకండి," అంది. "గుత్తివంకాయ నేను చేస్తాను. గుమ్మడికాయ, మునక్కాడలు వేసి దప్పళం పెడతాను. మీరు పులిహోర, గారెలు చూసుకోండి. అన్నయ్యగారు తినకపోతే నన్నడగండి."

"బావ వంకాయ తింటడా?" అన్నాను.

"ఆయన్ని ఎవరైనా అడిగారా ఎప్పుడైనా?" అంది ఆమె.

అంతవరకు అంతా సవ్యంగానే ఉంది. పండగ ముందు రోజు పొద్దున బావ నుంచి నాకు ఫోను వచ్చింది. ఈసారి మామూలు కాల్. మీసం లేదు, గొంతు ఒక్కటే.

"ఏం మరదలా, ఏం వండుతున్నవ్?"

చెప్పాను. అంతా విన్నాడు.

"మీ అక్క ఏమన్న జెప్పిందా?"

"అక్కేం చెప్పలేదు బావా. రేపు కొట్లు బంద్ కదా."

"కొట్లు రేపు గదా బంద్. ఇయ్యాల తెరిచే ఉన్నయ్ గదా. నాకోసం నాలుగంటె నాలుగు ముక్కలు తీసి పెట్టు. మీ అక్కకు తెల్వనియ్యకు."

"ఫ్రిజ్‌లో పెడితే దినం అన్నారు కదా బావా. పైగా డాక్టరు..."

"డాక్టర్ హైదరాబాద్‌ల ఉన్నడు. నువ్వు సూర్యాపేటల ఉన్నవ్." తర్వాత గొంతు మారింది. "సరే తియ్. వొద్దులే. ఇగ మనకేం దసరాలు."

నన్ను పడగొట్టింది ఆ "సరే తియ్". అది లేకపోతే నేను నిలబడి ఉండేదాన్ని. ముప్పయ్యేళ్లుగా మా ఇంట్లో ఏ పండగైనా నడిపించిన మనిషి అట్లా దిగిపోయిన గొంతుతో మాట్లాడితే ఎట్లా ఉంటుంది? నాలుగు ముక్కలకు మనిషి చస్తాడా అనుకున్నాను. మా ఆయన మోతెలో వాళ్లన్న దగ్గరికి పోయి, అక్కడి చేనులోని జమ్మి కొమ్మ తెస్తానని పొద్దున్నే వెళ్లాడు. ఇదే అదననుకుని లేత ముక్క కొద్దిగా తెచ్చి, నూనె తగ్గించి, అల్లం వెల్లుల్లి పట్టించి వండేశాను. స్టీలు గిన్నెలో పెట్టి మూత బిగించి ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనక దాచాను. ఇల్లంతా మటన్ వాసన. సాంబ్రాణి వేశాను. మటన్, సాంబ్రాణి కలిసి అంతకన్నా అనుమానంగా తయారైంది. రెండు కట్టల అగరొత్తులు కూడా ముట్టించాను.

మధ్యాహ్నం మా ఆయన వచ్చి గుమ్మంలో ఆగి ముక్కెగరేశాడు.

"ఏం వాసన గిది?"

"మీల్‌మేకర్ మసాలా," అన్నాను.

మామూలుగా అయితే వంటింట్లోకి వచ్చి మూతలు తీసి చూసే మనిషి. ఆ రోజు "అట్లనా" అని గబగబా స్నానానికి పోయాడు. నేను బతికిపోయాననుకున్నాను. ఆయన అంత తొందరగా ఎందుకు పోయాడో నాకు మర్నాటి దాకా తెలియలేదు. వాళ్లది తరాలుగా గొర్లు కాసిన కుటుంబం. వాళ్లన్నకు ఇప్పటికీ మంద ఉంది. బావ మా ఆయనకూ ఫోను చేశాడు. ఆయన జమ్మి పేరు చెప్పి పోయి, వాళ్ల వదినతో నాలుగు ముక్కలు వండించుకుని స్కూటర్ డిక్కీలో పెట్టుకొచ్చాడు. ఆ సాయంత్రం ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూడకుండా తిరిగాం.

పండగ నాడు మధ్యాహ్నానికే కోదాడ నుంచి తమ్ముడూ అతని భార్యా వచ్చారు. ఆమె చీర కొంగు దోపి నేరుగా వంటింట్లోకి వచ్చి వంకాయలు ముందేసుకుంది. తమ్ముడు మాత్రం కారు దగ్గరే చాలాసేపు ఏదో సర్దుతూ ఉన్నాడు. ఆ తర్వాత అక్కా బావా దిగారు. బావ కొంచెం చిక్కాడు. తెల్ల చొక్కా వదులైంది. మీసం మాత్రం అంతే ఉంది. అక్క ఒక చేతిసంచిని చంకలోంచి తీయకుండా, కూర్చున్నా ఒళ్లోనే పెట్టుకుంది. మందులేమో అనుకున్నాను.

పొద్దు వాలుతుంటే అందరం జమ్మికి పోయి వచ్చాం. ఆకు చేతుల్లో పెట్టుకుని, "బంగారం లెక్క ఉండాలె" అని ఒకరినొకరు కావలించుకున్నాం. అక్క బావ పాదాలకు దండం పెట్టి లేచి, అందరూ వినేట్టు, "ఇయ్యాలన్న మాట వినుండ్రి" అంది. బావ మీసం దువ్వుకున్నాడు.

ఇంటికొచ్చాక, వడ్డించేలోపు, నేను గారెలు తీస్తూ వంటింటి కిటికీలోంచి ఒక వింత చూశాను. మాది పైఅంతస్తు కిరాయి ఇల్లు. కింద గేటు, గేటు లోపల కార్లు ఆపుకునే జాగా, మెట్ల కింద ఒక మూల. ముందు మా ఆయన, బావ కిందికి పోయారు. కాసేపటికి మా ఆయన పైకి వచ్చాడు, తర్వాత బావ మూతి తుడుచుకుంటూ వచ్చాడు. కాసేపయ్యాక తమ్ముడితో పోయాడు. మళ్లీ మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ముందే తెచ్చి దాచుకున్న సీసా సంగతేమో, మగవాళ్ల గొడవ నాకెందుకు అనుకున్నాను. ఆ తర్వాత "టాబ్లెట్ కార్ల మర్చిపోయిన, రాండ్రి" అని అక్కే ఆయనను కిందికి తీసుకుపోయింది. అక్క ఒక్కతే ముందు వచ్చింది. సంచి బరువు తగ్గినట్టుంది. నాకు ఇంకా తట్టలేదు.

అందరూ పీటల దగ్గర చేరుతుండగా బావ నీళ్లకని వంటింట్లోకి వచ్చాడు. నేను పాల ప్యాకెట్ల వెనక నుంచి గిన్నె తీసి, వేడి చేసి, చేతిలో పెట్టాను. ఆయన గిన్నె వంక చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఆశపడ్డ మనిషి చూపు కాదు అది. పరీక్ష రాసి బయటికొచ్చినవాడికి ఇంకో ప్రశ్నాపత్రం ఇచ్చినట్టు చూశాడు.

"ఇక్కడే తినేయండి బావా, అక్క అటున్నది."

"వొద్దొద్దు, మీ అక్క ముక్కు నీకు తెల్వదు. కిందికి పోయి తినొస్త. నువ్వు పైన్నే ఉండి మీ అక్కను సూస్తుండు."

పోయాడు. పోయాక గుర్తొచ్చింది, నిమ్మకాయ ముక్క ఇవ్వలేదు. నిమ్మకాయ, ఉల్లిగడ్డ లేకుండా బావకు మటన్ ఇవ్వడం మా ఇంట్లో అవమానం కింద లెక్క. రెండూ చిన్న పళ్లెంలో పెట్టుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగాను.

మెట్ల మూలన బావ గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదురుగా మా సందులో ఉండే గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. కూర్చోలేదు, పడుకుంది. పొట్ట పక్కకు జారి ఉంది. బావ నా గిన్నెలోంచి ఒక ముక్క తీసి దాని మూతి దగ్గర పెట్టి బతిమాలుతున్నాడు.

"తిను. జర తిను. గీ ఒక్క గిన్నె. ఇదే ఆఖరుది. పండుగ పూట కాదనకు."

కుక్క ఆ ముక్కను వాసన చూసి, ఆయన మొహంలోకి జాలిగా చూసి, తల తిప్పుకుంది.

నాకు నవ్వు ఆగలేదు. బావ ఉలిక్కిపడి లేచాడు. గిన్నె వెనక్కి పెట్టుకున్నాడు, దొంగతనం చేసిన పిల్లాడిలాగా. ఆయన వెనక గోడవారగా ఇంకో మూడు గిన్నెలు కనబడ్డాయి. ఖాళీవి, తోమినంత శుభ్రంగా ఉన్నాయి. అందులో ఒకటి అక్క ఇంటి టిఫిన్ డబ్బా అని మూత చూసి గుర్తుపట్టాను.

"బావా, ఇదంతా ఏంది?"

"మరదలా, నీకు దండం పెడత. ఎవ్వలకు చెప్పకు."

"అడిగి వండించుకుని కుక్కకు పెడతారా?"

"నేను తినలేను," అన్నాడు. పైనుంచి అక్క పిలుస్తోంది. "మటన్ తినని బావ అంటే మీ ఇంట్ల నన్నెవ్వలు లెక్కజేస్తరు? చెప్పకు," అని మళ్లీ అన్నాడు. సరేనన్నాను. మిగిలిన గిన్నె మూత పెట్టి మెట్ల కింద దోపేసి ఇద్దరం పైకి వచ్చాం.

వడ్డన మొదలైంది. గుత్తివంకాయ, దప్పళం, పులిహోర, గారెలు, పెరుగు. విస్తళ్లు చూడ్డానికి నిండుగానే ఉన్నాయి. ఎవరి మొహంలోనూ కళ లేదు. అక్క ఒక్కతే, పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకున్న మనిషిలా తృప్తిగా చుట్టూ చూసింది.

"చూసిన్రా, ముక్క లేకున్నా పండుగ అయితది. మా ఆయన ఒక్క ముక్క ముట్టలే. అంతా మీ అందరి పుణ్యం."

ఆ "పుణ్యం" అన్న మాటే కొంప ముంచింది. మా ఆయన లోపల అప్పటికే కొంచెం మందు ఉంది. మందు పడితే ఆయనకు నిజాయితీ పెరుగుతుంది. కలిపిన ముద్ద విస్తట్లో పెట్టి చేతులు జోడించాడు.

"వదినె, నన్ను క్షమించుండ్రి. గీ అన్న అడిగితే కాదనలేక మోతెకెల్లి నాలుగు ముక్కలు తెచ్చి పెట్టిన."

అక్క నోరు తెరిచింది. ఏదో అనేలోపు తమ్ముడు తల వంచుకున్నాడు.

"అక్కా... నేను గూడ నాలుగు ముక్కలు. నిన్న కోదాడల హోటల్‌ల వండింది తీసుకుని ఐసు డబ్బాల పెట్టుకొచ్చి, ఇక్కడ దోస్తు ఇంట్ల వేడి చేపించిన."

"ఓరి మీ పాడుగాను!" అంది అక్క. ఆ తర్వాత గొంతు సన్నగా అయిపోయింది. "నేను గూడ తెచ్చిన. నూనె లేకుండ, ఉడకబెట్టి మిరియాలేసి తెచ్చిన. పండుగ పూట మొహం చిన్నబుచ్చుకుంటడని. నాలుగే..."

అందరూ నా వంక చూశారు. నేను దప్పళం గరిటెను చాలా శ్రద్ధగా చూస్తున్నాను.

"నువ్వు గూడనా?"

తలూపాను.

అక్క వేళ్లు మడిచి లెక్క వేయబోయి, సగంలో వదిలేసి, బావ భుజం పట్టుకుంది. "వామ్మో! అన్ని ముక్కలు తిన్నడు! లేవుండ్రి, దవాఖానకు నడువుండ్రి. తమ్మీ, కారు తియ్!"

"నాకేం గాలే," అన్నాడు బావ.

"గట్లనే అంటరు. మఠంపల్లిల గూడ గట్లనే అన్నరు. చూడు చెమటలు పడుతున్నయ్!"

చెమటలు పడుతున్న మాట నిజమే. అవి గుండెవి కావు, గుట్టు బయటపడబోతున్నందుకు పట్టినవి. ఆయన నా వంక చూశాడు. నేను మాటిచ్చాను కదా, నోరు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాను. తమ్ముడు ఒక రెక్క, మా ఆయన ఒక రెక్క పట్టుకుని ఆయనను లేపారు. మా ఆయన చేతికి వంకాయ పులుసు అంటుకుని ఉంది, అది బావ తెల్ల చొక్కాకు పట్టింది. అప్పుడు తమ్ముడి భార్య గరిటె కింద పెట్టి, నింపాదిగా అడిగింది.

"అన్నయ్యగారూ, అసలు మీరు తిన్నారా?"

ఎవరూ ఆగలేదు. మెట్లు దిగుతున్నారు. కింద గేటు దగ్గర ట్యూబులైటు వెలుతురులో కుక్క పక్కకు పడి ఊపిరి బరువుగా తీస్తోంది. బావ అక్కడ ఆగిపోయి, రెండు చేతులూ విడిపించుకున్నాడు.

"అగో. అన్నీ గదే తిన్నది. దవాఖానకు తోలితే దాన్ని తోలుండ్రి."

ఎవరూ నమ్మలేదు. తప్పించుకోవడానికి చెబుతున్నాడనుకున్నారు. నేనే మెట్ల కిందికి వంగి గిన్నెలు ఒక్కొక్కటీ బయటికి తీసి ఎవరిది వాళ్లకు ఇచ్చాను. నా గిన్నె మూత తీసి చూపించాను. ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. అక్క తన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. నూనె లేని మిరియాల ముక్కలు కూడా ఆ కుక్క వదల్లేదు.

"మరెందుకు అడిగిన్రు అందరిని?" అంది అక్క.

బావ మెట్టు మీద కూర్చున్నాడు. సందులో ఎవరింట్లోనో పాటలు పెట్టారు. అవి ఆగిపోయాక చెప్పాడు.

"ఆ పెండ్లిల కంచం చేతిల ఉంది. ముక్క నోట్ల ఉంది. అప్పుడే పట్టింది ఇక్కడ. గప్పటి సంది మటన్ వాసన తగిల్తే చాలు, మళ్ల పడతదేమో అనిపిస్తది." చొక్కా మీది పులుసు మరకను వేలితో గీకుతున్నాడు. "భయమైతుంది. ఇంత మనిషిని, ముక్కను సూసి భయపడుతున్న అని ఎట్ల చెప్పాలె? అందుకే అడిగిన. అడిగితే పాత లెక్కనే ఉన్నడు అనుకుంటరు గదా."

మా ఆయన ముక్కు చీదాడు. అక్క వెళ్లి బావ పక్కన అదే మెట్టు మీద ఇరుక్కుని కూర్చుంది.

"నాకు చెప్పొద్దా?"

"నువ్వు ఏడుస్తవ్."

"మరి మెస్‌కు రోజూ పోతున్నరట?"

"పోతున్న. వాళ్లు తింటరు. నేను దూరంగ కూసుని మజ్జిగ తాగొస్త."

"మజ్జిగకు మెస్‌కు పోతరా!" అని అక్క ఆయన వీపు మీద ఒక్కటి వేసింది. వేసి, నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూ ఉండగానే నవ్వొచ్చింది ఆమెకు, ఎందుకంటే ఆ సమయంలో కుక్క పెద్దగా త్రేన్చింది. దాంతో అందరం నవ్వడం మొదలుపెట్టాం. ఎదురింటివాళ్లు పిట్టగోడ మీంచి తొంగి చూసి, ఏమైందని అడిగారు. ఏం లేదు, దసరా అన్నాడు తమ్ముడు.

అప్పుడు గుర్తొచ్చి తమ్ముడి భార్యను అడిగాను, "నిన్ను అడగలేదా బావ?"

"అడక్కేం, మొన్ననే ఫోన్ చేశారు. పెట్టనండీ అన్నాను. మీకు పడదు, నేను పెట్టను, వంకాయ తినండి అన్నాను."

"ఈమె ఒక్కతే కాదన్నది," అన్నాడు బావ. "మీరంత జాలిపడ్డరు. ఈమె కొట్లాడింది. నిజం చెప్పాల్నంటే నాకు జర మంచిగనిపించింది."

మళ్లీ పైకి పోయి కూర్చున్నాం. కూరలు చల్లారాయి. తమ్ముడి భార్య దప్పళం మళ్లీ వేడి చేసి తెచ్చింది. ఈసారి బావ ముందు ఎవరూ నటించడం లేదు, బావ కూడా నటించడం లేదు. ఆయన గుత్తివంకాయ ఒకటి తీసుకుని తొడిమ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిన్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు. మూడోదానికి చేయి చాస్తుంటే అక్క, "నూనె..." అనబోయింది.

"నూనె చెంచాడే వేశానండి పెద్దొదినా, మిగతాదంతా నువ్వులు వదిలింది," అంది తమ్ముడి భార్య.

"నువ్వులు వేయించి నూరినవా, పచ్చియా?" అని అడిగాడు బావ. ఆమె చెప్పింది. చింతపండు ఎంత, ఎప్పుడు పోయాలి, వంకాయను నాలుగు పక్షాలుగా కోసి ఉప్పునీళ్లలో ఎందుకు వేయాలి, అన్నీ అడిగాడు. పులుపు విషయంలో ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆమె తగ్గలేదు, ఆయనా తగ్గలేదు. మేం నలుగురం తినడం ఆపి ఆ పేచీ విన్నాం. తమ్ముడి భార్యతో బావ అంతసేపు మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. అంతకుముందు ఆమె వడ్డించేది, ఆయన తినేవాడు, అంతే.

నా గిన్నెలో మిగిలిన మటన్ మా ఆయనా తమ్ముడూ వంటింట్లో నిలబడి తినేశారు. ఎదురుగా తినొద్దు, వాసన పడదు అని తమ్ముడే అన్నాడు. బావ అది విని కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు. తర్వాత అక్క టాబ్లెట్ చేతికిస్తే మాట్లాడకుండా వేసుకున్నాడు.

వెళ్లే ముందు అక్క నన్ను వంటింట్లోకి లాగి, డబ్బా తీసుకుంటూ అంది. "ఆయన నిద్రల ఉంటే నేను ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్తుండె చెల్లె, ఇన్ని నెలలు. నాకొక్కదానికే భయం అనుకున్న." ఇంకేదో చెప్పబోయి, "ఆ పిల్లను అడిగి వంకాయ సంగతి నాకు ఫోన్‌ల పంపియ్," అని ముగించింది.

కారెక్కారు. బావ అద్దం దించి మా ఆయనతో, వాళ్లన్నకు తన దండాలు చెప్పమన్నాడు, కూర ఎట్లుందని అడిగితే బాగుందని చెప్పమన్నాడు. కారు కదలకముందే అక్క ఆయన మీద మొదలుపెట్టింది. సందు మలుపు తిరిగేదాకా ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. ఏమంటోందో తెలియలేదు కానీ, మధ్యలో ఎక్కడో బావ గట్టిగా నవ్వాడు.